బెంచీ క్లాసులో యూనివర్సిటీ

మా ఊరికి యూనివర్సిటీ మంజూరైందని పేపర్లో పడ్డ రోజు జనమంతా వీధుల్లోకి వచ్చి ఒకరినొకరు అభినందించుకున్నారు. నెల తిరక్కుండా రిజిస్ట్రారుగారు రెండు ట్రంకుపెట్టెలూ ఒక గొడుగూ పట్టుకుని బస్సు దిగి, "ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగేసరికి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. ఊరి బయట కొండ ఇస్తామన్నారు గానీ అక్కడ రాళ్లూ ముళ్లపొదలూ తప్ప ఏమీ లేవు. షెడ్లు లేవాలంటే వానాకాలం గడవాలి. క్లాసులేమో వానాకాలంతోనే మొదలవ్వాలి.

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పేరు పెట్టేశారు" అని మా అమ్మ నవ్వింది.

ఆ నవ్వింకా పూర్తి కాకముందే యూనివర్సిటీ వచ్చి మా గుమ్మం ముందు కూర్చుంది.

మేం సినిమాహాలు వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లం. తెర ఉన్న గోడకి అటువైపు హాలు, ఇటువైపు మా వంటిల్లు. అటు హీరో ప్రాణాలు విడుస్తుంటే ఇటు మేం నిమ్మళంగా అన్నం తినేవాళ్లం. నాన్న అక్కడ ఇరవై ఏళ్లుగా ఆపరేటరు. అమ్మ ఆడవాళ్ల బుకింగ్ కిటికీలో టికెట్లు ఇచ్చేది. నేను స్కూలు చదువు అయిపోయి రెండేళ్లుగా ఇంట్లో ఉన్నాను. ఎవరైనా "అమ్మాయి ఏం చేస్తోంది?" అని అడిగితే అమ్మ "ఎదుగుతోంది" అని చెప్పేది.

హాలు ఓనరుగారు భారీ మనిషి. బడి మొహం చూడలేదు. సినిమా పోస్టర్ల మీద పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నానని తనే చెప్పుకునేవాడు. ఊరివాళ్ల మీటింగులో ఆయన లేచి నిలబడి, "పొద్దుటిపూట నా హాలు ఖాళీయే. వానలు వెళ్లేదాకా వాడుకోండి. అద్దె వద్దు. ఒంటిగంటకల్లా ఖాళీ చేస్తే చాలు, రెండింటికి నా మ్యాట్నీ నాకుంది" అన్నాడు. అప్పుడు మోగిన చప్పట్లు చాలాసేపు ఆగలేదట.

అలా సోడాల కౌంటరు రిజిస్ట్రారు ఆఫీసయింది. ఆడవాళ్ల వెయిటింగ్ రూము లైబ్రరీ అయింది. చరిత్ర సైకిల్ స్టాండులో, లెక్కలూ ఫిజిక్సూ హాల్లో. అప్లికేషన్లు ఎక్కడ ఇవ్వాలా అని రిజిస్ట్రారుగారు తల గోక్కుంటుంటే అమ్మ, "నా కిటికీ ఉందిగా. జనానికి అక్కడ నిలబడటం అలవాటే" అంది. అలవాటెంతంటే, కొడుకుని వెంటబెట్టుకొచ్చిన ఒక పెద్దాయన లోపలికి తొంగిచూసి, "అమ్మా, సీట్లున్నాయా, హౌస్‌ఫుల్లా?" అని అడిగాడు.

"ఉన్నాయి. మీకు ఒకటా రెండా?" అంది అమ్మ.

నాకు అప్లికేషన్ కిటికీ బయటినుంచి రాలేదు. లోపల పక్కన కూర్చుని ఫారాలు సర్దుతున్న నా ఒళ్లో అమ్మ ఒకటి పడేసింది.

"నాకెందుకమ్మా?"

"బస్సెక్కక్కర్లేదు, చెప్పులు కూడా వేసుకోనక్కర్లేదు. ఇంత దగ్గరికొచ్చిన చదువుని ఎవరైనా పోనిస్తారా? రాయి."

మొదటి బ్యాచిలో ఎనభైముగ్గురం చేరాం. మొదటిరోజు హాల్లోకి వెళ్లగానే ఎవరూ చెప్పకుండానే అందరం మేమెప్పుడూ సినిమా చూసే చోటే కూర్చున్నాం. షాపులవాళ్ల పిల్లలు బాల్కనీలో, ఆఫీసర్ల పిల్లలు వెనక కుర్చీల్లో, మిగతా మేమంతా ముందు బెంచీల మీద. ఫిజిక్సు మేడం తెర ముందు బోర్డు దగ్గర నిలబడి ఒక్క నిమిషం పైకీ కిందకీ చూసింది. సన్నటి మనిషి, గొంతు ఇంకా సన్నం.

"ఇక్కడ ముందున్న సీట్లే ఖరీదైనవి. అందరూ దిగిరండి" అంది.

బాల్కనీ వాళ్లు మెట్లు దిగి వచ్చి మా బెంచీల మీద సర్దుకున్నారు. కొత్త ప్యాంట్లకు దుమ్మంటుతుందని కొందరు సగం సగం కూర్చున్నారు. పది రోజులకి ఆ సంగతి అందరూ మర్చిపోయారు.

ఈ గొడవంతా నచ్చనిది మా ఇంట్లో ఒక్క నాన్నకే. పొద్దుటిపూట ఆయన పై గదిలో ప్రొజెక్టర్ మెషిన్ తుడుచుకునే వేళ. ఆ గదిలోకి ఓనరుగారు కూడా తలుపు తట్టే వచ్చేవాడు. మూడోరోజు నాన్న చేతిలో నూనెగుడ్డతో కిందికి దిగి మేడం దగ్గరికి వెళ్లాడు. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సుద్దముక్క పొడి పైకి లేచి నా లెన్సు మీద పడుతోందమ్మా. బోర్డుని కాస్త తడిగుడ్డతో తుడవండి."

"అంత దూరం వస్తుందా?"

"రాకపోతే నేనెందుకొస్తాను?"

మర్నాటినుంచి మేడం తడిగుడ్డతోనే తుడిచింది. నాన్న పైన మెషిన్ గది కన్నంలోంచి చూసి సంతృప్తిపడ్డాడని నాకు అనిపించింది, ఎందుకంటే ఆ మధ్యాహ్నం రెండోసారి కూర అడిగాడు.

రెండువారాలకి వానలు పట్టుకున్నాయి. రేకుల కప్పు మీద వాన పడితే మేడం గొంతు మూడో బెంచీ దాటేది కాదు. మబ్బు కమ్మితే బోర్డు రెండో బెంచీకే కనిపించేది కాదు. ఒకరోజు ఆవిడ రాస్తూనే ఉంది, మేం దేవుడి మీద భారం వేసి చూస్తూనే ఉన్నాం. ఉన్నట్టుండి వెనకనుంచి తెల్లటి వెలుగొకటి మా తలలమీదుగా వెళ్లి సరిగ్గా బోర్డు మీద పడింది. బోర్డు అంచు దాటి ఒక్క బెత్తెడు కూడా పోలేదు. మేడం కళ్లలో పడలేదు. అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ మాత్రం తిరగలేదు. రాస్తున్న లైను పూర్తి చేసి, సుద్దముక్క కింద పెట్టి, పైన కన్నం వైపు చిన్నగా తల వంచింది. మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

క్లాసవగానే నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కింది. ఆ వెలుగు కోసం నాన్న సినిమాల్లో వాడగా మిగిలిన కార్బన్ కడ్డీల చివరి ముక్కలు, పారేయాల్సినవి, మెషిన్లో పెట్టి మండించాడు. ఫిల్ము ఉండాల్సిన చోట ఒక రేకుముక్క బిగించి ఉంది. రేకులో చిన్న కన్నం. మేడం దాన్ని బయటికి తీయించి అటూ ఇటూ తిప్పింది.

"బోర్డు తెరకి కింద ఎడమవైపు ఉంది. మీరు కన్నం పైన కుడివైపు చేశారు. అలా చేయాలని ఎవరు చెప్పారు?"

నాన్నకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఫిల్ము తలకిందులుగానే కదమ్మా ఎక్కిస్తాం. దీనికి చెప్పేదేముంది?"

"నేను ఇదే సంగతి ఎనభైమూడుమందికి వారం రోజులుగా చెబుతున్నాను. ఇంకా సగంమందికి ఎక్కలేదు" అంది మేడం. ఆ రేకుముక్క అడిగి పుచ్చుకుని మర్నాడు క్లాసులో చేతికి చేతికి తిప్పించింది. దాంతో నాకు కూడా ఎక్కింది. ఆ సగంలో నేనూ ఉన్నానని నాన్నకి చెప్పలేదు.

మ్యాట్నీకీ ఫస్ట్ షోకీ మధ్య గంటలో నాన్న ఇంటికొచ్చి టీ తాగేవాడు. ఆ వారంనుంచి కప్పు చేతిలో పెట్టుకుని, "ఏదీ, లెన్సు గురించి మీ పుస్తకంలో ఏం రాశారో చదువు" అనేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. నేను చదువుతుంటే మధ్యమధ్య ఆపి, "అది తప్పు" అనేవాడు. రెండు నిమిషాలు ఆలోచించి, "లేదులే, రైటే" అనేవాడు. ఒకసారి కప్పు కింద పెట్టేశాడు. తర్వాత, "నేను ఇరవై ఏళ్లు చేత్తో తిప్పి తిప్పి తెలుసుకున్నదాన్ని వాడెవడో ఒక్క లైన్లో రాసేశాడు" అన్నాడు.

"ఏడుపొస్తోందా?" అంది అమ్మ.

"లేదోయ్. నేను తిప్పింది కరెక్టేనన్నమాట."

ఇంతలో రిజిస్ట్రారుగారికి ఒక ఉత్తరం వచ్చింది. యూనివర్సిటీ నిజంగా నడుస్తోందో లేదో చూడటానికి మూడు నెలల్లో ప్రభుత్వం ముగ్గురిని పంపిస్తోంది. సైన్సుకి ప్రాక్టికల్స్ లేకపోతే సైన్సు పిల్లల్ని వేరే ఊరికి బదిలీ చేస్తారు. వేరే ఊరంటే నాలాంటివాళ్లు ఇంటికి పోవడమే. ఆర్డరిచ్చిన పరికరాలు దారిలో ఏ గోడౌన్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. మేడం మళ్లీ మెట్లెక్కింది.

"మీ దగ్గర పనికిరానివి ఏమేం ఉన్నాయి?"

"మెషిన్ గదిలో పనికిరానిదంటూ ఏదీ ఉండదమ్మా" అన్నాడు నాన్న.

పాత మెషిన్ తాలూకు లెన్సులు మూడు, అద్దాలు రెండు, పగిలిన మోటారొకటి అటకమీంచి దిగాయి. ఫిల్ము చుట్టే బల్ల మీది పలకే లెన్సులు వరసగా నిలబెట్టే బెంచీ అయింది. దాని అంచున అమ్మ కుట్టుపని టేపు అతికించారు. నాన్న ఫిల్ము డబ్బాల రేకు కత్తిరించి లెన్సులకి కాళ్లు చేశాడు. మేడం కాగితం మీద గీసి ఇచ్చేది, నాన్న చూసి, "ఇలా చేస్తే ఊగుతుంది" అని తనకు తోచినట్టు చేసేవాడు. ఆవిడ కొలిచి చూసి కాగితం మడిచి సంచీలో పెట్టుకునేది. బాల్కనీ మెట్ల పైన వరండాలో మా ప్రాక్టికల్స్ మొదలయ్యాయి. విద్యార్థులు ఐదుగురేసి వచ్చేవాళ్లు. "చేయి వణుకుతోంది, ఊపిరి బిగపట్టు" అని నాన్న వెనకనుంచి చెబుతుండేవాడు.

ఆ ముగ్గురూ రావడానికి ఇంకా మూడు వారాలుందనగా ఒక సాయంత్రం ఓనరుగారు మా గదులకొచ్చాడు. ఆయన మా ఇంట్లోకి రావడం అది రెండోసారో మూడోసారో. స్టూలు మీద కూర్చుంటే స్టూలు కనబడలేదు.

"పెద్ద బొమ్మ దొరికిందయ్యా" అన్నాడు నాన్నతో. "రోజుకి నాలుగాటలు వేస్తేనే ఇస్తామంటున్నారు. పొద్దుటాట కూడా కావాలి."

"మరి క్లాసులండి?"

"అందుకే వచ్చాను. ఊరందరి ముందూ మాటిచ్చినవాణ్ణి, నా నోటితో పొమ్మనలేను. మెషిన్ పాతబడింది, పొద్దుటిపూట విప్పి బాగుచేయాలి, పిల్లలుంటే ప్రమాదం అని నువ్వు రిజిస్ట్రారుగారితో చెప్పు. నీ మాట నమ్ముతారు. ఆ మేడం మరీ నమ్ముతుంది."

నాన్న చేతిలోని నూనెగుడ్డ మడతపెట్టాడు.

"నేను నీకెప్పుడూ ఏదీ తక్కువ చేయలేదు. ఈ గదులు, మీ ఆవిడకి ఆ కిటికీ..." అని ఆయన ఆగాడు. బెదిరిస్తున్నట్టు అనలేదు. నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు అన్నాడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. లేస్తూ, "రేపు పొద్దున్న నేనూ వస్తాను. అప్పుడు చెప్పు" అన్నాడు.

ఆయన వెళ్లాక అమ్మ పొయ్యి దగ్గరనుంచి కదలకుండా అడిగింది. "మెషిన్ పాడైందా?"

"దానికేం? రాయిలా ఉంది."

"అయితే ఇంకేం" అంది అమ్మ. అంతకుమించి మా ఇంట్లో ఆ విషయం మాట్లాడుకోలేదు.

పొద్దున్న వాన జోరుగా పడుతోంది. నేనూ అమ్మా బుకింగ్ కిటికీలోనే ఉన్నాం. ఎదురుగా సోడాల కౌంటరు వెనక రిజిస్ట్రారుగారు, ముందు కుర్చీలో ఓనరుగారు. మాట అప్పటికే మొదలైనట్టుంది. నాన్న మెట్లు దిగి రాగానే రిజిస్ట్రారుగారు కళ్లజోడు తీసేశాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"మెషిన్ ఇబ్బంది పెడుతోందటగా? పొద్దుటిపూట విప్పాలంటున్నారు ఓనరుగారు."

నాన్న నూనెగుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. ఓనరుగారి వైపు చూడలేదు. అలాగని తల కూడా దించలేదు.

"మెషిన్ బాగానే ఉందండి" అన్నాడు.

మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఓనరుగారు చేతికర్ర ఆనించుకుని లేచి, "విన్నారుగా. బాగానే ఉందట" అని రిజిస్ట్రారుగారితో అని, గొడుగు తెరుచుకుని వానలోకి నడిచాడు. అమ్మ కిటికీ గూట్లోని ఫారాలు ఒకసారి తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

తొమ్మిది రోజులు ఓనరుగారు నాన్నతో మాట్లాడలేదు. పొమ్మననూ లేదు. షోలు నడిచాయి, క్లాసులూ నడిచాయి. నేను ఇంట్లో గిన్నె కింద పడితే ఉలిక్కిపడేదాన్ని. అమ్మ మాత్రం ఒక పెట్టె కిందికి దించి దులిపింది. ఎందుకని అడిగితే, "ఎలకలు" అంది. మా ఇంట్లో ఎలకలు లేవు.

పదోరోజు పొద్దున్న నేను ప్రాక్టికల్ చేస్తుంటే మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. ఓనరుగారు ఆయాసపడుతూ పైకొచ్చి, నాన్నని పలకరించకుండా, నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"లెన్సుని ఇలా జరిపితే కిటికీ బయట ఉన్నది ఈ కాగితం మీద పడుతుందండి" అని జరిపి చూపించాను. ఈసారి మాత్రం నాన్న వెనకనుంచి ఊపిరి బిగపట్టమని చెప్పలేదు.

ఓనరుగారు కర్ర పక్కన పెట్టి వంగాడు. రోడ్డుకి అవతల కట్టిన ఆయన సినిమా పోస్టరు అరచేతంత అయి, రంగులన్నీ తేరి, తలకిందులుగా కాగితం మీద నిలబడింది. ఆయన చాలాసేపు చూశాడు. పెదవులు కదుపుతూ తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"నా బొమ్మనే తలకిందులు చేశారన్నమాట" అన్నాడు చివరికి. నవ్వాలో వద్దో తెలియక అందరం బిగుసుకుపోయాం. ముందు ఆయనే నవ్వాడు.

అప్పుడు నాన్న వైపు తిరిగాడు. "ఇదంతా మన సామానేనా?"

"మన అటకమీదిదేనండి."

"ఆ రోజు నన్ను రిజిస్ట్రారుగారి ముందు చిన్నబుచ్చావు."

"అవునండి" అన్నాడు నాన్న.

ఓనరుగారు కర్ర తీసుకున్నాడు. "వానలు వెళ్లేదాకా అన్నాను, వానలు వెళ్లేదాకా ఉంచుతాను. ఆదివారం మాత్రం పొద్దుటాట వేసుకుంటాను. ఆ బొమ్మవాళ్లు దానికి ఒప్పుకున్నారు. కానీ నీకిప్పుడు మనసంతా ఈ బల్ల మీదుంది. వానలయ్యాక ఇంకో ఆపరేటర్ని తెచ్చుకుంటాను."

నాన్న తలూపాడు. ఈ మాటలన్నీ కిందికి వినబడ్డట్టున్నాయి, దిగుతున్న ఓనరుగారిని అమ్మ కిటికీలోంచే ఆపింది. "మరి మేం గదులు ఎప్పుడు ఖాళీ చేయాలండి?"

"నిన్నెవరు పొమ్మన్నారమ్మా? నువ్వు లేకపోతే ఆ ఆడవాళ్ల క్యూ నా వల్ల అవుతుందా?" అని ఆయన విసుక్కున్నాడు.

ఇల్లు నిలిచింది, అమ్మ ఉద్యోగం నిలిచింది, నాన్నది పోయింది. ఆ సాయంత్రం టీ తాగుతూ నాన్న, "నారు పోసినవాడు నీరు పోయడా" అన్నాడు. "పోస్తాడు. ఈలోగా కూర ఒక్కసారే వేసుకోండి" అంది అమ్మ.

అనుకున్న రోజుకి ప్రభుత్వం ముగ్గురినీ పంపింది. ఇద్దరు సోడాల కౌంటరు చూసి మొహమొహాలు చూసుకున్నారు. మూడో ఆయన ముసలాయన. వరండాలో బెంచీ దగ్గర ఆగి, లెన్సు జరిపి, టేపు మీద అంకె చూసి రాసుకున్నాడు. మళ్లీ జరిపాడు, మళ్లీ రాసుకున్నాడు. రెండుసార్లూ ఒకే అంకె వచ్చినట్టుంది.

"ఇది ఎక్కడ కొన్నారు?" అన్నాడు.

"కొనలేదండి. ఇక్కడే చేశారు" అని మేడం నాన్నని చూపించింది. నాన్న లేచి నిలబడ్డాడు. ముసలాయన నాన్న దగ్గరికి వెళ్లి, లెన్సు కాళ్లు ఊగకుండా ఎలా బిగించారని అడిగాడు. నాన్న చెప్పాడు. ఇద్దరూ వంగి బల్ల కింద చూస్తూ ఎంతసేపు మాట్లాడుకున్నారంటే, మిగతా ఇద్దరూ మా అమ్మ పంపిన టీ రెండుసార్లు తాగారు.

సైన్సు మాకు ఉండిపోయింది. కొన్నాళ్లకి లేబరేటరీ మెకానిక్ ఉద్యోగానికి యూనివర్సిటీ ప్రకటన వేసింది. లెన్సులతో పదేళ్ల అనుభవం ఉండాలి, కార్బన్ దీపం తెలిసి ఉండాలి, రేకుపని వచ్చి ఉండాలి, కొండకి నడిచి వచ్చేంత దూరంలో కాపురముండాలి. అమ్మ అది రెండుసార్లు చదివి, "చెప్పుల సైజు ఒక్కటే రాయడం మర్చిపోయారు మీ మేడం" అంది.

ఇప్పుడు ఆ కొండ మీద పన్నెండువేలమంది చదువుతున్నారు. ఫిజిక్సుకే మూడంతస్తుల మేడ ఉంది. ముళ్లపొదలున్న చోట హాస్టళ్లు లేచాయి, బస్సులు వాటి గేటు దాకా వెళ్తాయి. ముప్పైఐదేళ్లు అక్కడే పాఠాలు చెప్పి మొన్ననే నేను రిటైరయ్యాను. కానీ యూనివర్సిటీ అనగానే నాకు కళ్లలో మెదిలేది వానలు వెలిసిన వారం కొండ మీద మొదటి షెడ్డులో మొదటి ప్రాక్టికల్. గోడల సున్నం ఇంకా ఆరలేదు. కిటికీలకి తలుపులు లేవు, ఎండ ఏటవాలుగా బల్లలమీద పడుతోంది.

ఆ రోజు మేడంకి మీటింగుంది. హాజరు పుస్తకం నాన్న చేతికిచ్చి, "మీరు మొదలుపెట్టండి, నేనొస్తాను" అని వెళ్లింది. నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు, నూనెగుడ్డ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు. పుస్తకం తెరిచి, వేలు పెట్టి నంబర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. షాపులవాళ్ల పిల్లలూ ఆఫీసర్ల పిల్లలూ వరసగా "ప్రెజెంట్ సార్" అంటున్నారు. మొదటి ఇద్దరు ముగ్గురు అన్నప్పుడు నాన్న వెనక్కి తిరిగి చూశాడు, వెనక సారెవరైనా వచ్చారేమోనని.

నా నంబరు పదిహేడు. అది దగ్గరపడేకొద్దీ నాకు ఒకటే కంగారు. ఇంట్లో పలికినట్టు పలకనా, చేయెత్తి ఊరుకోనా?

"పదిహేడు" అన్నాడు నాన్న, పుస్తకంలోంచి తలెత్తకుండా.

నేను లేచి నిలబడ్డాను. "ప్రెజెంట్ సార్."

ఆయన వేలు ఆ గడిలోనే ఆగింది. తలెత్తి నా వైపు చూసి, మిగతా అందరికీ పెట్టినట్టే నాకూ టిక్కు పెట్టి, "కూర్చోండి" అన్నాడు. తర్వాత పద్దెనిమిది పిలిచాడు.